రోజెంతాల్ మాస్టారిని ఇంకా ఎందుకు తలచుకుంటారు?

ప్రశ్న: మాస్కో విశ్వవిద్యాలయంలో భావి పాత్రికేయులకు రష్యన్ శైలీశాస్త్రం బోధించి, 1994లో కన్నుమూసిన దీత్మార్ రోజెంతాల్ గారిని రష్యన్లు నేటికీ అంత ఆప్యాయంగా స్మరించడానికి కారణమేమిటో తెలిసినవారు వివరించగలరా?

జవాబు: నేటి పోలండ్‌లోని లోడ్జ్ నగరంలో పుట్టి, ఇంట్లో పోలిష్, జర్మన్ మాట్లాడుతూ పెరిగి, 1914లో కుటుంబంతో మాస్కో చేరిన ఆయనకు రష్యన్ మాతృభాష కాదు. బహుశా అందువల్లనే, పుట్టుకతో ఆ భాష వచ్చినవారు గమనించని చిక్కులను ఆయన పట్టుకోగలిగారని నా అభిప్రాయం.

మరో జవాబు: వర్ణక్రమం, విరామచిహ్నాలు, సాహిత్య సవరణలపై ఆయన రాసిన కరదీపిక తరతరాల సంపాదకులకూ ప్రూఫ్ రీడర్లకూ ఆధారమైంది. రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతలకు కూడా ఆయన భాషా సలహాదారుగా వ్యవహరించారు. అన్నట్టు, ఆయన ఇటాలియన్ పాఠ్యపుస్తకం కూడా రాశారు!

మూడో జవాబు: ఆ కరదీపిక చదవడానికి పొడిగా ఉంటుందన్నది నిజమే. అయితే కామా ఎక్కడ పెట్టాలో తేలని వాక్యం ఎదురైనప్పుడు, సూత్రంతోపాటు సాహిత్యం నుంచి ఉదాహరణలు కూడా చూపే అటువంటి గురువు విలువ తెలుస్తుంది.