మదోగివా జోకు: కిటికీ పక్క కుర్చీని తెలుగులో ఏమనాలి?

అడిగిన సభ్యురాలు:
ఒక జపనీస్ కథను తెలుగు చేస్తున్నాను. కథానాయకుడికి యాభై మూడేళ్లు. ఆఫీసులో అందరూ అతన్ని చాటుగా ‘మదోగివా జోకు’ అంటారు. మదో అంటే కిటికీ, కివా అంటే అంచు, జోకు అంటే తెగ (మనం నవ్వే జోకు కాదు). ‘కిటికీ పక్క తెగ’ అని ఉన్నదున్నట్టు రాసి మా అమ్మకు వినిపించాను. ‘‘కిటికీ పక్కన సీటా? పెట్టి పుట్టాడు’’ అంది. ఆమె తప్పేమీ లేదు. ఆగీ ఆగని బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపుకునేవాళ్లం మనం. అక్కడ కూర్చోవడం శిక్ష అంటే ఎవరు నమ్ముతారు? ‘పనికిరాని ఉద్యోగి’ అని రాసి ఊరుకోనా?

ఒసాకాలో పనిచేసి వచ్చిన సభ్యుడు:
ఊరుకోకండమ్మా. జపాన్ ఆఫీసులో బల్లలను ఎదురెదురుగా చేర్చి వరుసగా వేస్తారు. ఆ గుంపును ‘షిమా’ అంటారు, అంటే దీవి. దీవి కొసన, కిటికీకి వీపు పెట్టి, అందరూ కనబడేలా ‘కచో’ కూర్చుంటాడు. సెక్షన్‌కు పెద్ద ఆయనే. కొత్తగా చేరినవాడి చోటు తలుపు వైపు. గుమ్మానికి ఎంత దూరమైతే అంత గౌరవం. కాబట్టి మీ అమ్మగారు సగం సరిగ్గానే చెప్పారు, ఆ కుర్చీ అక్కడా పెట్టి పుట్టినవాళ్లదే. మన కథానాయకుడికి వయసును బట్టి కుర్చీ ఇచ్చారు, ఎదురుగా దీవిని మాత్రం ఇవ్వలేదు. కింద మనుషులు లేరు, సంతకానికి కాగితం రాదు, ఫోను మోగదు. ఆ పేరులో ఉన్న విషం అదే.

ఈ మాట 1970ల చివర్లో వాడుకలోకి వచ్చింది. పరిశ్రమలు పరుగు తీసిన రోజుల్లో కంపెనీలు కుర్రవాళ్లను గంపగుత్తగా చేర్చుకున్నాయి. సర్వీసును బట్టి జీతమూ హోదా పెరిగే ‘నెన్కో జోరెత్సు’ పద్ధతి వాళ్లది. 1973 చమురు సంక్షోభంతో పరుగు మందగించింది. చేరినవాళ్లు నడివయసుకు వచ్చారు, పెద్ద కుర్చీలు చాలలేదు. పోనీ తీసేద్దామంటే కుదరదు. సహేతుకమైన కారణం లేకుండా, లోకం ఒప్పుకోని తీరులో ఉద్యోగం తీసేస్తే చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 1975లో తేల్చింది. అదే సూత్రం 2007 నాటి కార్మిక ఒప్పంద చట్టంలో 16వ సెక్షన్‌గా ఉంది. తీసేయలేనివాణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. వాళ్లలో నిజంగా చేతకానివాళ్లూ ఉంటారు, కాదనను. కానీ చేతకానివాడూ, చేతికి పని ఇవ్వనివాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు.

మా ఆఫీసులో ఒకాయన రోజూ అందరికంటే ముందే వచ్చి, పెన్సిళ్లు చెక్కి, మొనలన్నీ ఒకే వైపు ఉండేలా బల్ల మీద పేర్చేవారు. సాయంత్రానికి ఆ మొనలు అలాగే ఉండేవి. మర్నాడు మళ్లీ చెక్కేవారు. ఆయనను పనికిరానివాడు అనడానికి నాకు నోరు రాదు.

వ్యాకరణాభిమాని:
కివా కాస్తా గివా అయిందంటే, కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టే! మన గసడదవాదేశం జపానులోనూ ఉందన్నమాట. (మీరు అడిగినదానికి ఇది జవాబు కాదని తెలుసు. ఆగలేకపోయాను.)

ఇంకొక సభ్యుడు:
‘ఉత్సవ విగ్రహం’ అనకూడదా? పోనీ, మన పత్రికలు రాసే ‘అప్రాధాన్య పోస్టు’, ‘లూప్‌లైన్’?

ఒసాకా సభ్యుడు:
ఉత్సవ విగ్రహానికి ఊరేగింపైనా ఉంటుంది, ఈయనకు అదీ లేదు. లూప్‌లైన్ అధికారి ప్రభుత్వం మారితే మెయిన్‌లైన్ ఎక్కుతాడు. కిటికీ దగ్గరికి వెళ్లి తిరిగి వచ్చినవారిని నేను చూడలేదు.

అమ్మా, మీ కథలో ‘కతా తతాకి’ అనే మాట తగిలితే మరీ జాగ్రత్త. అక్షరాలా ‘భుజం తట్టడం’. పిల్లలు అమ్మమ్మకు భుజాలు నొక్కి తట్టి సేవ చేసినా అదే మాట. ఆఫీసులో మాత్రం, పైఅధికారి పక్కకు పిలిచి ‘ఇక రాజీనామా చేస్తే బాగుంటుందేమో’ అని మెత్తగా చెప్పడం. ‘మేనేజరు ఆయన భుజం తట్టారు’ అని తెలుగులో రాశారా, పాఠకుడు ప్రమోషన్ వచ్చిందనుకుంటాడు.

జీతం దొంగను ‘క్యూర్యో దొరోబో’ అంటారు. దీనికి మనకు కొదవ లేదు, తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు ఉండనే ఉన్నారు.

ఇంకొకటి నాకు ఇష్టమైనది: ‘హిరు అందోన్’, అంటే పట్టపగటి లాంతరు. వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అక్కర లేదు. చచ్చిపోయిన ప్రభువు కోసం 1703లో పగ తీర్చుకున్న నలభై ఏడుగురు సమురాయ్‌ల నాయకుడు ఓయిషి కురానొసుకేకు, అంతకుముందు ఆ పేరే ఉండేదని చెప్పుకుంటారు. రాత్రి పడ్డాక గాని లాంతరు సంగతి తెలియదు కదా. ‘మదోగివా’లో ఆ ఆశ కూడా లేదు.

ఇంకొక సభ్యుడు:
‘విండోస్ 2000’ మరిచారు. కిటికీ పక్కన కూర్చుని ఏడాదికి రెండు కోట్ల యెన్లు తీసుకునేవాడు. వాళ్లు పదివేలను ఒక ప్రమాణంగా లెక్కపెడతారు, కాబట్టి అది ‘రెండు వేల పదివేలు’. ఏడుపూ అసూయా కలిసిన మాట.

అడిగిన సభ్యురాలు:
‘పనికిరాని’ కొట్టేశాను. ‘తెగ’ కూడా. పేరును పట్టుకుని వేలాడకుండా క్రియలోకి దించి చూశాను: ‘ఆయనను నిరుడు కిటికీ దగ్గరికి జరిపారు.’ ఆ తర్వాత వచ్చిన ప్రతిచోటా ‘కిటికీ దగ్గర ఆయన’. అమ్మకు మళ్లీ చదివి వినిపించాను. ఈసారి ‘‘పాపం, ఎవరు జరిపారు?’’ అంది. ఉంచేస్తున్నాను.

భుజం తట్టడం కూడా కథలో ఉంది, ఎనిమిదో పేజీలో. అది ఇంకా తేలలేదు.