మడమ కీలు అతికించే ఆపరేషన్: సొంత ఎముకకు బదులు కొత్త పదార్థం పరీక్షలో చేరమంటున్నారు, బాపును చేర్పించాలా?

పరకాల పిలగాడు:
అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మా బాపు గీత కార్మికుడు, ముప్పై ఏళ్లకు పైగా తాళ్లు ఎక్కాడు. మూడేళ్ల కింద వానలకు చెట్టు నానిపోయి ఉంటే మోకు జారి నిలువునా కాళ్ల మీద పడ్డాడు, కుడి మడమ ఎముక నలిగిపోయింది. అప్పుడు పిండి కట్టు వేసి పంపించారు. అతికింది గానీ వంకరగా అతికింది. ఇప్పుడు ఇంట్లో గచ్చు మీద బాగానే తిరుగుతాడు, పొలం గట్టు ఎక్కితే మాత్రం నాలుగడుగులకే కూర్చుంటాడు, పాదం పక్కకు ఒరిగితే చాలు ప్రాణం పోయినట్టు అవుతుందంటాడు.

మడమ ఎముకకూ దాని మీది ఎముకకూ మధ్య కీలు అరిగిపోయిందట, రెండింటినీ స్క్రూలతో కలిపి ఒకటే ఎముకలా అతికిస్తామని, మధ్యలో బోన్ గ్రాఫ్ట్, అంటే సందు నింపే ఎముక ముక్కలు, పెట్టాలని డాక్టర్ చెప్పారు. మామూలుగా అయితే నడుము పక్క ఎముక నుంచి తీసి పెడతారట. ఇక్కడ ఒక పరీక్ష (క్లినికల్ ట్రయల్) జరుగుతోందని, అందులో చేరితే సొంత ఎముకకు బదులు తెల్లటి గుళికలు, వాటిలో ఒక ప్రొటీన్ ద్రవం కలిపి పెట్టే అవకాశం ఉందని, ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుందని అన్నారు. ఫారం చేతికిచ్చి వారం టైమ్ ఇచ్చారు. అవ్వ "మన మీదనే ప్రయోగం చేస్తారా" అని రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. బాపేమో "ఏది పెడితే ఏంది, నేను గట్టు మీద నడవాలె" అంటాడు. సంతకం పెట్టాల్సింది ఆయనే అయినా చదివి చెప్పాల్సింది నేను. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఆర్థో పీజీ, హన్మకొండ:
తమ్ముడూ, ముందు ఆ గ్రాఫ్ట్ ఎందుకో చెప్తాను, అది తెలిస్తే మిగతాది సులువు. ఆపరేషన్‌లో కీలు మీది అరిగిన పొరను గీకేసి, అడుగున ఎముకకు సన్నని రంధ్రాలు పెట్టి రక్తం ఊరేలా చేస్తారు. రెండు పచ్చి ఎముకలను దగ్గరకు తెచ్చి స్క్రూలతో బిగిస్తారు. ఎంత బిగించినా మధ్యలో సందులు ఉంటాయి, ఎముక ఆ సందు దాటి పెరగాలి. దానికి మూడు కావాలి: పట్టుకుని పాకడానికి పందిరి, పెరగమని చెప్పే సంకేతం, పెరిగే కణాలు. సొంత ఎముకలో మూడూ ఉంటాయి. మీరు చెప్పిన గుళికలు బహుశా బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, అది పందిరి. ప్రొటీన్ సంకేతం. కణాలు మాత్రం మీ బాపు ఎముకలోంచే రావాలి.

ఇలాంటి పదార్థం మీద అమెరికా, కెనడాల్లో పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2013లో వచ్చాయి. ప్లేట్‌లెట్లలో ఉండే ఎదుగుదల ప్రొటీన్‌ను ల్యాబులో తయారు చేసి ఆ గుళికలతో కలిపారు. 434 మందిని తీసుకున్నారు, ప్రతి ముగ్గురిలో ఇద్దరికి కొత్తది, ఒకరికి సొంత ఎముక. ఆరు నెలలకు సీటీ స్కాన్ తీసి, కీలులో కనీసం సగం మేర ఎముక అల్లుకుంటేనే అతికినట్టు లెక్కపెట్టారు. కొత్తదానితో సుమారు 61 శాతం, సొంత ఎముకతో 62 శాతం. కొత్తది ఎక్కువ బాగా అతికిస్తుందని ఎవరూ అనలేదు, సొంత ఎముకకు తీసిపోదని మాత్రమే తేల్చారు. దాని లాభమంతా నడుము దగ్గర రెండో కోత తప్పడంలోనే ఉంది. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 61 అనగానే భయపడొద్దు, ఆరు నెలలకు స్కాన్‌లో సగం నిండనివాళ్లందరికీ ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు.

మీ దగ్గర పెట్టేది అదే పదార్థమా, ఇంకోటా అన్నది ఖాయంగా అడగండి. గుళికలు ఒక్కటే పెట్టడం వేరు, ప్రొటీన్ కలిపి పెట్టడం వేరు. బాపుకు ఎప్పుడైనా కాన్సర్ ఉందా అన్నది కూడా దాచకుండా చెప్పాలి, ఎదుగుదల ప్రొటీన్ కాబట్టి దాన్నీ పెంచుతుందేమోనన్న జాగ్రత్త.

కరీంనగర్ అక్క:
నాకు చీలమండ ఫ్యూజన్ (కీలు అతికించే ఆపరేషన్) అయి నాలుగేళ్లు, సొంత ఎముకే పెట్టారు. డాక్టర్లు రెండో కోత అని ఒక్క మాటలో చెప్తారు గానీ అదేంటో నేను చెప్తాను. మొదటి పదిహేను రోజులు కాలు కంటే నడుము పక్కనే ఎక్కువ నొప్పి. దగ్గితే పొడిచినట్టు ఉండేది. చీర కుచ్చిళ్లు సరిగ్గా ఆ కోత మీదికే వచ్చేవి, నైటీలతోనే రెండు నెలలు గడిపాను. ఇప్పటికీ కుడి పక్కకు తిరిగి పడుకుంటే అక్కడ మొద్దుబారినట్టు ఉంటుంది. కానీ కాలు గట్టిగా అతికింది, వేములవాడ మెట్లు ఎక్కి దిగాను. మళ్లీ చేయించుకోవాల్సి వస్తే సొంత ఎముకే పెట్టమంటానేమో, భయం లేకుండా ఉంటుంది. అది నా మనసు, మీ బాపు వయసు వేరు.

ఏది పెట్టినా ఆరు వారాలు దాకా ఆ కాలు కింద మోపనివ్వరు. బాత్‌రూమ్‌కు ఎట్లా పోతాడో ఇప్పుడే చూసుకోండి. మా ఇంట్లో గడప ఎత్తు, వాకర్ దాటేది కాదు, మా ఆయన ఇటుకలు పేర్చి చదును చేశాడు.

ట్రయల్స్‌లో పనిచేసినవాడిని:
అవ్వ భయం తప్పేమీ కాదు, కానీ కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద మన దేశంలో వచ్చిన 2019 రూల్స్ ప్రకారం కొన్ని హక్కులు ఉన్నాయి. ఫారం తెలుగులో ఉండాలి, ఒక కాపీ మీకు ఇవ్వాలి. బాపు చదవలేకపోతే ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండగా చదివి వినిపించాలి. ఎప్పుడైనా బయటికి రావచ్చు, వచ్చినా మామూలు వైద్యం ఆపకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా చూడాలి, పరిహారం ఇవ్వాలి. పరీక్షలో చేరినవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఫారంలోనే ఉంటుంది, మొహమాటపడకుండా చేయండి. సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, ఎంతమందిని తీసుకుంటున్నారు, ఏం పోల్చుతున్నారు అన్నీ ఉంటాయి. నంబర్ చెప్పలేకపోతే సంతకం పెట్టొద్దు.

ఆర్థో పీజీ, హన్మకొండ:
ఒకటి మర్చిపోయాను. బాపు బీడీ తాగుతాడా? షుగర్ ఉందా? గుళికలా సొంత ఎముకా అని మనం ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, పొగ తాగేవాళ్లలో ఎముక అతకకపోవడం అన్నింటికంటే నేను ఎక్కువగా చూస్తున్నాను. నికోటిన్‌కు సన్న రక్తనాళాలు ముడుచుకుపోతాయి, కణాలు రావాల్సింది ఆ రక్తంతోనే కదా. ఆపరేషన్‌కు నెల ముందు నుంచి అతికేదాకా ఒక్కటి కూడా వద్దు.

పరకాల పిలగాడు:
అన్నా, అక్కా, అందరికీ దండాలు. ఈరోజు పోయి అడిగాను. రిజిస్ట్రేషన్ నంబర్ ఇచ్చారు, సైట్‌లో ఉంది. ప్రొటీన్ ఉన్న రకమే, సొంత ఎముకతోనే పోలుస్తున్నారు, ఆరు నెలలకు సీటీ ఉచితం. షుగర్ లేదు. బీడీలు రోజుకు కట్ట తాగుతాడు, అది డాక్టర్‌కు చెప్తే ముందు మానేసి రమ్మని ఆపరేషన్ ఆరు వారాలు వెనక్కి జరిపారు. కంప్యూటర్‌లో సొంత ఎముక వచ్చినా పర్వాలేదా అని బాపును అడిగితే "నా బొక్కనే కదా" అన్నాడు. అవ్వకు కరీంనగర్ అక్క రాసింది మొత్తం చదివి వినిపించాను, ఇటుకల సంగతి విని లేచి వెళ్లి మా గడప ఎత్తు జేనతో కొలిచింది. సంతకం ఇంకా పెట్టలేదు, సాక్షిగా మా ఊరి బడి సారును తీసుకొని మంగళవారం పోతున్నాం.