కొండ గూడెంలో రాత్రి ఏడున్నర దాటితే ఇంటి బెంగ: ఏం చేస్తే తగ్గుతుంది?

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో, మహేంద్రగిరి కొండ దిగువన ఒక సవర గిరిజనుల గూడెంలో పిల్లలకు చదువు చెప్పడానికి వచ్చాను. ఎవరూ పంపలేదు, సొంతంగా వచ్చినదాన్ని. ఏడు వారాలైంది, ఇంకా నాలుగు నెలలుండాలి.

పగలు ఏ ఇబ్బందీ లేదు. తెల్లారకుండానే పోడుకి వెళ్లేవాళ్లు కాబట్టి ఏడున్నరకల్లా గూడెమంతా పడుకుంటుంది. అప్పుడు మొదలవుతుంది. గొంతు పట్టేస్తుంది, అన్నం కలుపుతాను గానీ రెండో ముద్ద దిగదు, ఒంటిగంట దాకా నిద్ర వచ్చేది కాదు.

మొదట్లో రాత్రి ఎనిమిదింటికి అమ్మకి ఫోన్ చేసేదాన్ని. సిగ్నల్ బోరింగు వెనక బండ మీదే, అదీ రెండు గీతలు. మూడు నిమిషాలకి మాట తెగిపోయేది, సగంలో ఆగిన మాటతో బెంగ రెట్టింపయ్యేది. ఫోన్ పొద్దున ఆరున్నరకి మార్చాక నిద్ర పన్నెండుకి వస్తోంది. సినిమాలు చూద్దామంటే ఈ ముసురులో సోలార్ ఛార్జింగ్ లైటుకే చాలడం లేదు.

నిజంగా పనిచేసింది ఒక్కటే. పక్కింటి అవ్వ అరుగు మీద కూర్చోబెట్టి సొరబుర్రతో చోడి (రాగి) అంబలి పోసి ఇచ్చిన రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయాను. కానీ రోజూ వెళ్తే వాళ్ల చోళ్లు తరిగిపోతాయి, బదులుగా బియ్యం ఇస్తే తీసుకోరు. పైగా ఆవిడ మాట్లాడేది సవరే, నాకు ముప్పై మాటలకి మించి రావు.

ఇలాంటి గూడేల్లో నెలల తరబడి ఉన్నవాళ్లు చెప్పండి: ఊరు పడుకున్నాక, చిన్న లైటు వెలుగులో ఒక్కరే చేసుకునే ఏ పని మీకు బెంగ తగ్గించింది?