పల్లెలో డాక్టర్ నిలవాలంటే పీజీ కోటా ఒక్కటే దారా?

మెడికల్ ఆఫీసర్, పల్నాడు:
ఫ్యామిలీ డాక్టర్ పథకం 2023 ఏప్రిల్ 6న మా జిల్లా లింగంగుంట్లలోనే మొదలైంది. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) ఇద్దరు డాక్టర్లు. ఒకరు ఓపీ చూస్తే, ఇంకొకరు 104 బండిలో ఊళ్లకు వెళ్లాలి, ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు. ఇద్దరూ ఉంటేనే ఇది నడిచేది. ప్రభుత్వ సర్వీసులో ఉన్న డాక్టర్లకు పీజీ సీట్లలో ఇచ్చే వాటాను, అంటే ఇన్‌సర్వీస్ పీజీ కోటాను, తగ్గించొద్దని 2024లో, మళ్లీ 2025లో విధులు బహిష్కరించి పోరాడాం. న్యాయమైన పోరాటమే. కానీ కోటాలో సీటు తెచ్చుకున్నవాళ్లు స్పెషలిస్టులై పెద్దాసుపత్రులకు వెళ్తారు. మరి పీహెచ్‌సీ మాటేమిటి?

హౌస్ సర్జన్, కర్నూలు:
సర్, కోటా లేకపోతే నేను పీహెచ్‌సీ ఉద్యోగానికి అసలు అప్లై చేయను. ఇంట్లో కూర్చుని నీట్ పీజీకి చదువుకుంటాను. నా బ్యాచ్‌లో చాలామంది మాట ఇదే. కొన్నేళ్లయినా ఊరికి డాక్టర్ దొరుకుతున్నారంటే ఆ కోటా వల్లే.

ఊరివాసి, ప్రకాశం జిల్లా:
ఆ కొన్నేళ్లతోనే మాకు ఇబ్బంది. డాక్టర్ మారినప్పుడల్లా మా అమ్మ తన బీపీ సంగతి మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆర్‌ఎంపీ మాత్రం నా చిన్నప్పటి నుంచి ఆయనే, రాత్రి పిలిచినా వస్తాడు. తెలిసిన మనిషని అమ్మ ఆయన దగ్గరికే వెళ్తుంది. ఆయనిచ్చే ఇంజెక్షన్లంటే నాకు భయం.

జీపీ, ఇంగ్లండ్ (సొంతూరు తెనాలి):
ఇక్కడ జీపీ అంటే జనరల్ ప్రాక్టీషనర్, జనం మొదట వెళ్లే డాక్టర్. ఆ పనికే ప్రత్యేక శిక్షణ ఉంటుంది. డిగ్రీ అయ్యాక రెండేళ్ల ఫౌండేషన్ శిక్షణ, ఆ తర్వాత మూడేళ్లు, అందులో ఎక్కువ కాలం జీపీ క్లినిక్కుల్లోనే. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా లేదు. ఒకపక్క అపాయింట్‌మెంట్ దొరక్క జనం అవస్థ పడుతుంటే, శిక్షణ ముగించిన జీపీలకు ఉద్యోగాలు దొరకలేదు. క్లినిక్కుల దగ్గర జీతాలకు డబ్బు లేదు. 2024లో ప్రభుత్వం కొత్త జీపీల కోసం విడిగా నిధులివ్వాల్సి వచ్చింది. కోర్సు పెట్టేముందే పోస్టు చూసుకోండి.

మెడికల్ ఆఫీసర్, పల్నాడు:
నేనూ అక్కడికే వస్తున్నాను. మన దేశంలోనూ ఇలాంటి పనికి పీజీ కోర్సులున్నాయి: ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ ఉంది, దానికి సమానమైన డీఎన్‌బీ ఉంది. ఇలాంటి కోర్సులను ప్రోత్సహించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది. మా పోస్టుకు మాత్రం ఎంబీబీఎస్ చాలు, ఆపైన చదివినవాళ్లకు పీహెచ్‌సీలో ఎదుగుదల ఏదీ?

ఈ పని ఎంబీబీఎస్‌తో సరిపోయేంత తేలికా? మొన్న ఒక పెద్దాయన షుగర్ మాత్రలు మానేశాడు. ఎందుకని అడిగితే పలకలేదు. ఆశా కార్యకర్త చెప్పింది: భార్య పోయాక పొద్దున వంట లేదు, ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే చెమటలు పట్టి కళ్లు తిరుగుతున్నాయట. షుగర్ పడిపోతోందన్నమాట. మందు మార్చాను. ఆ ఇంటి సంగతి తెలియకపోతే డోసు పెంచి పంపేవాణ్ని.

కోటా ఉండాలి. అందులో కొన్ని సీట్లు ఫ్యామిలీ మెడిసిన్‌కు ఇచ్చి, చదివొచ్చినవాళ్లకు అదే పీహెచ్‌సీలో స్పెషలిస్టు జీతం, ప్రమోషన్ ఇవ్వాలి. ఉండడానికి క్వార్టర్స్ కూడా.

హౌస్ సర్జన్, కర్నూలు:
అవి జీవోలో రాసిస్తే నేను చేరతాను సర్. అవేవీ లేకుండా ఇన్నేళ్లు పనిచేయాలన్న బాండ్ ఒక్కటే పెడితే, గడువు తీరిన రోజే వెళ్లిపోతాను.