స్టాండర్డ్ హెరాల్డ్ గేర్ లివర్ లొడలొడ: బుష్‌లు మారిస్తే చాలా, బాక్స్ దించాల్నా?

పాతబండి_తిరుపతి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట దగ్గర. మా నాయన వాడిన 1967 మోడల్ స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది, రెండు డోర్లది, 948 సీసీ, మద్రాసులో తయారైన బండి. ఇది స్పోర్ట్స్ కారు కాదు, కానీ ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్లు 1962లో తెచ్చిన స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల బండి ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి కట్టింది, రెండిటికీ రూపం గీసింది ఇటలీ ఆయన మిచెలోట్టీ, గేర్ లివర్ కింద ఉండే సామాను కూడా ఒకే కుటుంబం. అందుకని స్పిట్‌ఫైర్ నడిపేవాళ్లు ఎవరన్నా ఉంటే మీరూ చెప్పండి.

సమస్య ఏందంటే గేర్ లివర్ పాయసంలో గరిటె మాదిరి తిరగతా ఉంది. న్యూట్రల్‌లో పెట్టి వదిలేస్తే ఒక పక్కకి వాలిపోతాది. పోయిన నెల చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కతా ఉంటే మూడో గేర్‌లో బండి లాగలేక రెండుకి దించబోయినా, అది పోయి నాలుగులో పడింది, ఇంజన్ గుద్దుకుంటా ఆగిపోయేదానికి వచ్చింది, వెనకాల టమాటా లోడు లారీ, పక్కన ఇంట్లోవాళ్లు, ఆ రోజు నుంచి బండి బయటికి తియ్యలా. స్పీడ్ మీద ఉన్నప్పుడు యాక్సిలరేటర్ వదిలితే లివర్ దగ్గర గిలగిలమని సౌండ్ కూడా వస్తాది, చెయ్యి పెట్టి పట్టుకుంటే ఆగిపోతాది.

ఇక్కడ ఒక మెకానిక్ గేర్ బాక్స్ మొత్తం దించాలి, లోపల సెలెక్టర్లు (గేర్లని జరిపే ముక్కలు) పోయింటాయి, 25 వేలు పైనే అవుతాది అన్నాడు. ఇంకొకాయన లివర్ కింద జాయింట్‌కి వెల్డింగ్ కొట్టి గట్టిగా చేసేస్తా అన్నాడు. నాకు రెండూ మనసుకి ఒప్పలేదు. బాక్స్ లోపల అయితే ఏమీ సౌండ్ లేదు, గేర్ పడినాక జారి బయటికి రాదు, నూనె కారడం లేదు. బుష్‌లే (జాయింట్‌లో పిన్ చుట్టూ ఉండే చిన్న గొట్టం ముక్కలు) అరిగినాయా అని నా అనుమానం. ఇంట్లోనే చూసుకునేదానికి దారి ఏమన్నా ఉంటే చెప్పండి.

లేత్‌పని_చిత్తూరు:

ముందు ఒక మాట, వెల్డింగ్ మాత్రం వద్దు తమ్ముడూ. కదలాల్సిన జాయింట్‌కి వెల్డింగ్ కొడితే ఆ రోజుకి గట్టిగా ఉంటాది, తర్వాత ఎవరూ విప్పలేరు, ఆ పార్ట్ మళ్లీ దొరకదు.

నువ్వు చెప్పిన గుర్తులు చూస్తే 90 పాళ్లు బయట లింకేజే, అంటే లివర్ నుంచి బాక్స్ దాకా ఉండే రాడ్, జాయింట్లు. గేర్ పడినాక జారడం లేదన్నావు చూడు, అది మంచి మాట. లోపల బాల్, స్ప్రింగ్, ఫోర్క్ పోయినప్పుడు బండి లోడ్ మీద గేర్ తన్నేస్తాది. నీకు గేర్ వెతుక్కోడానికే కష్టం, దొరికినాక బాగానే ఉంది. వెతుక్కోవడం లివర్ పని, పట్టుకోవడం బాక్స్ పని, ఈ రెండూ వేరే వేరే. అది చూడకుండా బాక్స్ దించమనడం నాకు నచ్చలేదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. హెరాల్డ్‌లో ఒక అదృష్టం ఉంది, గేర్ బాక్స్ కవర్ కారు లోపలి నుంచే వస్తాది. బండి చదునుగా పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, బ్యాటరీ తీగ తీసెయ్. లివర్ నాబ్ కింద లాక్ నట్ వదులు చేసి నాబ్ తిప్పి తియ్, రబ్బర్ బూట్ తియ్, కార్పెట్ పక్కకి లాగి కవర్ అంచుల వెంబడి ఉండే స్క్రూలన్నీ తియ్. సీట్లు కూడా తీసేస్తే నడుముకి సుఖం. ఇప్పుడు లివర్ నుంచి బాక్స్ దాకా రాడ్ మొత్తం కళ్ల ముందు ఉంటాది.

అప్పుడు ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి లివర్‌ని మెల్లగా, శానా మెల్లగా ఆడించమను. నువ్వు ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టు, వేలు సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద ఉండాల. కంటికి కనపడని గ్యాప్ వేలికి తగులుతాది. లివర్ కదిలి రాడ్ కదలకపోతే బుష్ పోయినట్టు. రాడ్ అంతా లివర్‌తో పాటే కచ్చితంగా కదులుతా ఉండి కూడా గేర్ దొరక్కపోతే, అప్పుడు బాక్స్ పై కవర్ లోపల సంగతి చూడాల.

ఇంకోటి, ఎంత లూజ్ ఉందో స్కేలు పెట్టి రాసుకో. నాబ్ పక్కకి ఎంత దూరం ఊరికే కదులుతా ఉందో చూడు. లివర్ కింది భాగం పొట్టి, పై భాగం పొడుగు కదా, కింద 40 ఎంఎం, పైన 240 ఎంఎం ఉందనుకో, కింద 1 ఎంఎం లూజ్ పైకొచ్చేసరికి 6 ఎంఎం అవుతాది. మూడు నాలుగు జాయింట్లలో తలా ఇంత అరిగితే నీ చేతికి గరిటె మాదిరే ఉంటాది. అందుకే ఒక్క బుష్ మార్చి ఊరుకుంటే సగం రోగమే పోతాది.

పద్మిని_మదనపల్లి:

మా ప్రీమియర్ పద్మినికి ఇదే బాధ, దానికి స్టీరింగ్ కాలమ్ మీద గేర్ కదా, బానెట్ కింద లింకులన్నిటికీ బుష్‌లు. నేను గన్‌మెటల్‌లో తిప్పించి వేసినా, ఆరేళ్లయింది, అట్లే ఉండాయి. ప్లాస్టిక్ బుష్‌లు ఎందుకు, ఇత్తడో గన్‌మెటలో వేసి గ్రీజ్ పెడితే మనవడి కాలం దాకా వస్తాయి. కొలతలు ఇస్తే మదనపల్లిలోనే చేస్తారు.

లేత్‌పని_చిత్తూరు:

పద్మిని అన్నా, మీ బండికి అది బాగా పని చేసింది, కాదనను. కానీ హెరాల్డ్‌లో లివర్ నిలబడేది బాక్స్‌కే గట్టిగా బిగించిన ముక్క మీద. అక్కడ లోహం మీద లోహం వేస్తే బాక్స్ వణుకు మొత్తం నాబ్‌కి వస్తాది, ఆయన చెప్పిన గిలగిల ఇంకా పెరుగుతాది. పైగా గ్రీజ్ ఎండిపోయిన రోజు బుష్ అరగదు, పిన్ అరుగుతాది, లివర్‌లో ఉన్న రంధ్రం అరుగుతాది. 100 రూపాయల బుష్‌ని కాపాడుకుని దొరకని లివర్‌ని పోగొట్టుకున్నట్టు. మెత్తటి బుష్ పెట్టేదే అది తాను అరిగి పక్కదాన్ని కాపాడాలని.

నా ఓటు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌కి. నైలాన్ కూడా మంచిదే కానీ తేమ పీల్చి ఉబ్బుతాది. మే నెలలో కచ్చితమైన ఫిట్‌తో చేసిన నైలాన్ బుష్ మన కార్తీక మాసం వానలకి బిగుసుకుంటాది, ఇది నేను కళ్లారా చూసినా. డెల్రిన్ నీళ్లకి పెద్దగా ఉబ్బదు, లేత్ మీద నున్నగా తెగుతాది. మీ టర్నర్‌కి రెండు మాటలు చెప్పు. ఒకటి, టూల్ బాగా పదునుండాల, తిప్పిన వెంటనే కొలవకూడదు, ప్లాస్టిక్ వేడికి స్టీల్ కంటే ఎన్నో రెట్లు సాగుతాది, చల్లారినాకే వెర్నియర్ పెట్టాల. రెండు, బుష్‌ని హౌసింగ్‌లోకి నొక్కినాక లోపలి రంధ్రం కొంచెం మూసుకుంటాది, అందుకని ముందు తక్కువ సైజులో పెట్టి, నొక్కినాక రీమర్‌తో (రంధ్రాన్ని నున్నగా పెద్దది చేసే పనిముట్టు) సరైన సైజుకి తెచ్చుకోవాల. పిన్‌కి బుష్‌కి మధ్య 0.05 నుంచి 0.1 ఎంఎం వదిలితే చాలు. సుత్తితో కొట్టొద్దు, బెంచ్ వైస్‌లో ఒక పక్క సాకెట్ పెట్టి మెల్లగా నొక్కితే నేరుగా కూర్చుంటాది.

స్పిట్‌ఫైర్_బెంగళూరు:

పుట్టింది పలమనేరు, ఇప్పుడు బెంగళూరు, నా దగ్గర స్పిట్‌ఫైర్ మార్క్ 3 ఉంది. హెరాల్డ్, విటెస్, స్పిట్‌ఫైర్, జీటీ6 ఈ ట్రయంఫ్ బండ్లన్నిటికీ కలిపి గేర్ లివర్ రిపేర్ కిట్ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ అమ్ముతారు. బుష్‌లు, వాషర్లు, స్ప్రింగ్ అన్నీ ఒక కవర్‌లో వస్తాయి. కస్టమ్స్, కొరియర్ కలిపితే సామాను ధరకంటే దారి ఖర్చే ఎక్కువ, అయినా ఒకసారి తెప్పించుకుంటే అసలు బుష్ ఆకారం ఎట్లుందో చేతిలో ఉంటాది, తర్వాత ఎన్నయినా మన లేత్‌లో చేయించుకోవచ్చు. చెన్నై పుదుపేటలో పాత స్టాండర్డ్ బండి సామాను అడిగి చూడండి, బెంగళూరు జేసీ రోడ్‌లో కూడా, కానీ ఒకరోజు మొత్తం తిరిగే ఓపిక ఉండాల.

నేను చేసినప్పుడు తెలుసుకున్నవి చెప్తా. విప్పేటప్పుడు ప్రతి వాషర్ తీసినప్పుడల్లా ఫోన్‌లో ఫోటో తీసుకోండి, ఏది ఏ పక్క ఉందో తర్వాత గుర్తుండదు. లివర్ గుండు మీద కూర్చునే స్ప్రింగ్ అలసిపోయి ఉంటే బుష్‌లు కొత్తవి వేసినా మీరు చెప్పిన గిలగిల పోదు, నాకు అట్లే అయింది, రెండోసారి మళ్లీ కవర్ విప్పాల్సి వచ్చింది, కాబట్టి స్ప్రింగ్ కూడా అప్పుడే చూసుకోండి. రబ్బర్ ఉన్న చోట మామూలు గ్రీజ్ పెట్టకండి, రబ్బర్ ఉబ్బి మెత్తబడిపోతాది, సిలికాన్ గ్రీజ్ పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం బోల్టు. ఈ బండ్లకి అంగుళాల బోల్టులు, సన్న మర. మెట్రిక్ (ఎంఎం లెక్క) బోల్టు దగ్గరదగ్గరగా దూరుతాది కానీ మరని పాడుచేస్తాది. ఇంకా బోల్టుకి బుష్ లోపల తిరిగే భాగం నున్నగా ఉండాల, మరలు నట్ దగ్గరే ఉండాల. తల నుంచి కొస దాకా మర ఉన్న బోల్టు వేస్తే అది ఆకురాయి మాదిరి బుష్‌ని లోపల్నుంచి తినేస్తాది.

పాతబండి_తిరుపతి:

అన్నలూ, మీకందరికీ చేతులెత్తి దండం. పోయిన ఆదివారం, ఈ ఆదివారం రెండు రోజులు పట్టింది, పూర్తి సంగతి రాస్తా, ఎవరికన్నా పనికొస్తాది.

కవర్ తియ్యడానికే సగం పూట, రెండు స్క్రూలు తుప్పుతో పట్టుకుని డ్రిల్ చేసి తీయాల్సి వచ్చింది. మా పాపని సీట్లో కూర్చోబెట్టి లివర్ ఆడించమని నేను వేలు పెట్టి చూసినా. బాక్స్ వైపు జాయింట్లు రెండూ కొంచెం లూజ్. లివర్ కింద జాయింట్ దగ్గర మాత్రం లివర్ అంత దూరం కదిలినాక గానీ రాడ్ కదలడం లేదు, చూసిన వెంటనే కడుపులో చల్లబడింది, బాక్స్ దించే పని లేదని. విప్పితే బుష్ అనేదే లేదు, నల్లటి పొడి మాత్రం వచ్చింది. బోల్టు చూస్తే బెంగళూరు అన్న చెప్పినట్టే, ఎవరో ఎప్పుడో తల నుంచి కొస దాకా మర ఉన్న హార్డ్‌వేర్ షాపు బోల్టు వేసినారు, అది బుష్‌ని తినేసి లివర్ రంధ్రాన్ని కూడా కోడిగుడ్డు ఆకారానికి తెచ్చింది. ఎన్నేళ్లు అట్లే నడిపినామో, మా నాయన ఉన్నప్పుడే అయ్యుంటాది, ఆయన ఎప్పుడూ "దీని గేర్ నాకే పడుతుంది, మీకు పడదు" అనేవాడు, ఇప్పుడు అర్థమయింది ఎందుకో.

రేణిగుంట రోడ్‌లో ఒక లేత్ షాపుకి లివర్ తీసుకుపోయినా. కోడిగుడ్డు రంధ్రాన్ని రీమర్‌తో మళ్లీ గుండ్రంగా చేస్తే సైజు పెరిగింది, దానికి తగినట్టు డెల్రిన్ బుష్ బయటి సైజు పెంచి తిప్పినాడు, లోపలి సైజు మాత్రం అసలు బోల్టుకే. లోపలి రాడ్ పిన్ కూడా కొంచెం అరిగింది కాబట్టి ఈఎన్8 స్టీల్ రాడ్‌తో కొత్తది చేసిచ్చినాడు. రెండున్నర నూళ్ల (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) హైటెన్సైల్ బోల్టు, నున్నటి భాగం సరిపోయేంత పొడుగున్నది వెతికి, మిగిలిన మర కోయించి వేసినా, నైలాక్ నట్ (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) కొత్తది. బాక్స్ వైపు రెండు బుష్‌లు కూడా అక్కడే చేయించినా, మెటీరియల్, కూలీ కలిపి 1,400 అయింది. స్ప్రింగ్ కూడా కొత్తది వేసినా.

బిగించేటప్పుడు ఒక చోట ఆగిపోయినా. నట్ బిగిస్తే లివర్ బిగుసుకుంటా ఉంది, వదులు చేస్తే లూజ్. లేత్ అన్నకి ఫోటో పంపితే లోపల చిన్న స్టీల్ గొట్టం ఉండాల, నట్ ఆ గొట్టం మీద బిగుసుకోవాల, బుష్ మీద కాదు, పాత గొట్టం ఎవరో పారేసింటారు అని చెప్పినాడు. బుష్ లోపలి రంధ్రం గొట్టం పట్టేంత పెంచి, బుష్ కంటే వెంట్రుకవాసి పొడుగ్గా గొట్టం తిప్పించి పెట్టినాక నట్ గట్టిగా బిగించినా లివర్ హాయిగా తిరిగింది.

నాబ్ దగ్గర పక్కకి లూజ్ మొదట 46 ఎంఎం ఉండింది, ఇప్పుడు 9. ఈ పొద్దు తెల్లారుజామున మా నాన్న పటం ముందర దీపం పెట్టి మళ్లీ భాకరాపేట ఘాట్ దాకా పోయొచ్చినా. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు చెయ్యి తానంతట తానే పోయింది, వెతకలేదు. యాక్సిలరేటర్ వదిలితే గిలగిల లేదు. నాయన చేతికి మాత్రమే పడిన గేర్ ఇప్పుడు మా పాప చేతికి కూడా పడతా ఉంది, ఇంటి ముందర న్యూట్రల్‌లోంచి నాలుగు గేర్లూ వేసి చూపించింది.

ఒక్కటి మిగిలింది. రివర్స్ వేసేటప్పుడు ఇంకా గర్రుమంటాది, ఒక్కోసారి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ కూడా.

లేత్‌పని_చిత్తూరు:

శానా సంతోషం తమ్ముడూ. ఆ గొట్టం సంగతి రాసినందుకు మంచిది, అందరూ పారేసేది దాన్నే.

రివర్స్ గర్రుమనేది లివర్ పని కాదు. ఆ బాక్స్‌లో ఫస్ట్‌కి సింక్రో (గేర్ల వేగం కలిపి సౌండ్ లేకుండా పడనిచ్చే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగినాకే వెయ్యాల. ఆగినా కూడా గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని. బండి ఆగి ఉన్నప్పుడు క్లచ్ తొక్కి పట్టుకుని నాలుగు లెక్కపెట్టి అప్పుడు రివర్స్ వేసి చూడు, సౌండ్ తగ్గిందా లేదా చెప్పు. రెండు మూడుసార్లు పెడల్ కొట్టినాక బాగుంటే క్లచ్ నూనె లైన్‌లో గాలి ఉంది, బ్లీడ్ చెయ్యాల, అంటే ఆ గాలి బయటికి తియ్యాల. కింద క్లచ్‌ని తోసే స్లేవ్ సిలిండర్ దుమ్ము కవర్ తీసి లోపల తడి ఉందా చూడు, తడి ఉంటే సీల్ పోయినట్టే. అది చూసినాక ఇక్కడే రాయి.

ఇంకా ఒక 500 కిలోమీటర్లు తిరిగినాక కవర్ మళ్లీ ఒకసారి తీసి ఆ నట్ వదులయిందేమో చూసుకో. కవర్ స్క్రూలకి ఈసారి కొంచెం గ్రీజ్ రాసి బిగించు, మళ్లీ డ్రిల్ పట్టుకునే పని ఉండదు.