పాత మారుతి 800కి ఇంటి దగ్గరే రోలర్‌తో రంగు: వేయొచ్చా, వద్దా?

తెనాలి_800:
నాది 2003 మోడల్ మారుతి 800, తెల్లది. ఇంజను బాగుంది, ఆర్సీ 2028 దాకా ఉంది. పోయింది రంగే. బానెట్ మీద, టాప్ మీద పెచ్చులు లేచాయి. డోర్ల కింది అంచున తుప్పు మొదలైంది. షెడ్డులో ఫుల్ బాడీకి ముప్పై వేలు అడిగారు. అమ్మితే బండికి యాభై వేలు రావడమే ఎక్కువ. అందుకని ఇంటి దగ్గరే నాలుగంగుళాల స్పాంజి రోలర్‌తో సింథటిక్ ఎనామిల్ వేద్దామనుకుంటున్నాను.

ఎనామిల్ రెండు లీటర్లు, ప్రైమర్, టర్పెంటైన్, వాటర్ పేపర్లు, రబ్బింగ్ కాంపౌండ్ (చివర్లో మెరుపు తెప్పించే పేస్టు), అన్నీ కలిపి మూడు నాలుగు వేలలో అయిపోతుంది. పాత రంగును 320 నంబరు వాటర్ పేపరుతో రుద్ది, తుప్పు ఉన్నచోట తెల్ల రేకు (రంగూ తుప్పూ లేని వట్టి రేకు) కనబడేదాకా గీకి ప్రైమర్ పూస్తాను. ఆపైన పాలలా పలచగా కలిపిన ఎనామిల్ రోజుకో కోటు. రెండు కోట్లకోసారి నీళ్ళు పోస్తూ 600తో రుద్దడం, అంతా ఆరాక 1500, 2000 పేపర్లు, చివర కాంపౌండ్. ఎవరైనా ఇలా చేసి ఉంటే చెప్పండి.

ఆటోనగర్_గన్:
వద్దండి. మాది బెజవాడ ఆటోనగర్‌లో పెయింటింగ్ షెడ్డు. నాన్నగారి నుంచి నాకు వచ్చిన పని. మీరు చెబుతున్నది తలుపులకు, గ్రిల్స్‌కు వేసే రంగు. అది గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పైన ఆరినట్టుంటుంది, లోపల వారాల తరబడి మెత్తగానే ఉంటుంది. కోటు కాస్త మందమైతే ముడతలు పడుతుంది. మన ఎండకి రెండు వేసవులకే మెరుపు పోయి, చెయ్యి రాస్తే సున్నంలా తెల్లగా అంటుకుంటుంది.

ఇంకో మాట. రేపు మనసు మారి పీయూ (షెడ్డుల్లో గన్‌తో కొట్టే పాలీయూరిథేన్ రంగు) వేయించుకుందామని మా దగ్గరికి తెస్తే, దాని థిన్నర్ తగలగానే కింది ఎనామిల్ ఉబ్బి లేచిపోతుంది. మొత్తం గీకి రేకు దాకా వెళ్ళాలి. అప్పుడు ముప్పై కాదు, నలభై ఐదు అవుతుంది. రోలర్‌తో వేసిన బానెట్‌లో ట్యూబ్‌లైటు ప్రతిబింబం గీతలా తిన్నగా కనబడదు. అది ఒక్కటి చూపించండి, నేను మాట్లాడను.

కరీంనగర్_పిలగాడు:
అన్నా, పైసలు రంగు మీద పెట్టేబదులు టైర్లు మంచిగున్నయా చూస్కో ముందు.

డల్లాస్_నుంచి:
ఇది కొత్త సంగతి కాదు. 2000 దశకం మధ్యలో అమెరికాలో పాత కార్ల వాళ్ళు రస్ట్-ఓలియం అనే ఎనామిల్ డబ్బా, స్పాంజి రోలర్‌తో రంగు వేసి ఫొటోలు పెడితే ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. యాభై డాలర్ల పెయింట్ అనే పేరుతోనే అందరికీ గుర్తు. తెనాలి గారు రాసిన పద్ధతి కూడా దాదాపు అదే. చక్కగా వచ్చినవి చాలా ఉన్నాయి, పాడైనవీ ఉన్నాయి. తేడా అంతా రుద్దడంలోనే వచ్చింది.

అసలు 1920ల మొదటి వరకూ కార్లకు బ్రష్షుతోనే వార్నిషులు వేసేవారు, ఒక్కో బండి ఆరడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో లాకర్ అనే త్వరగా ఆరే రంగు తెచ్చాకే స్ప్రే గన్‌తో త్వరగా వేయడం పెరిగింది. చేత్తో వేసిన రంగు కారు మీద నిలవదు అనడానికి లేదు.

తెనాలి_800:
అంత దూరం ఎందుకు, మన లారీలు చూడండి. బాడీ కట్టేచోట ఇప్పటికీ ఎనామిల్ డబ్బా, బ్రష్షు. ఎండలో వానలో దేశమంతా తిరుగుతున్నాయి. వాటికి పనికొచ్చింది నా 800కి ఎందుకు పనికిరాదు?

ఆటోనగర్_గన్:
లారీకి ఎనిమిదేళ్ళు దాటాక ఏటేటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). ఎఫ్‌సీకి వెళ్ళేముందు ఓనరు మళ్ళీ రంగు కొట్టిస్తాడు. ఏడాది నిలిస్తే చాలు అక్కడ. మీరు ఏటా రుద్దుకుంటూ కూర్చుంటారా? ట్యూబ్‌లైటు సంగతికి జవాబు రాలేదు.

ఆర్టీవో_దారి:
తెల్లదానికి తెల్లదే కాబట్టి ఇబ్బంది లేదు. వేరే రంగు వేస్తే మాత్రం ఆర్సీలో మార్పించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షన్.

విశాఖ_ఉప్పుగాలి:
నాదొకటే ప్రశ్న. తెనాలి గారూ, రంగు వేశాక బండి అమ్ముతారా?

తెనాలి_800:
ప్రస్తుతానికి ఆ ఆలోచన లేదు.

విశాఖ_ఉప్పుగాలి:
ప్రస్తుతానికి అంటే తరవాత ఉండొచ్చన్నమాట. ఎందుకు అడుగుతున్నానంటే, తళతళలాడే సెకండ్‌హ్యాండ్ బండి కొని మోసపోయినవాణ్ణి నేను. కొన్నప్పుడు మచ్చ లేదు. మొదటి వానాకాలానికే చక్రాల పైన బుడగలు. గోరుతో గిల్లితే పుట్టీ ఊడి వచ్చింది, దాని వెనక రేకే లేదు. డ్రైవర్ సీటు కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనబడింది. మా ఆవిడ, పిల్లలు ఆ బండిలో తిరిగారు. సముద్రపు గాలికి రేకు ఎలా తినేస్తుందో మాకు తెలుసు, అయినా పైన రంగు చూసి నమ్మాను. అందుకే ఇంట్లో రంగు పూసిన పాత బండి అంటే నాకు పడదు. చవగ్గా మెరిపించడం నేర్పిస్తే అది ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

తెనాలి_800:
ఎవరో మోసం చేశారని నన్ను దొంగను చేస్తే ఎలా సార్? నా బండికి నేను రంగు వేసుకోవడానికి అడిగాను. మిమ్మల్ని మోసం చేసినవాడు రోలర్‌తో వేశాడా? గన్‌తోనే వేసి ఉంటాడు.

ట్యూబ్‌లైటు గీత కోసం నేను రంగు వేయడం లేదు. రేకు ఆగాలి, అంతే. షెడ్డు అన్నయ్యకి రోలర్ అంటే ఎందుకంత కోపమో నాకు అర్థమవుతూనే ఉంది. జనం ఇంట్లో చేసుకుంటే గిరాకీ పోతుంది కదా. మూడు వేల సరుకుకి ముప్పై వేలు తీసుకోవడం ఎలా కుదురుతుంది మరి?

ఆటోనగర్_గన్:
సరుకు లెక్కే కడుతున్నారు కాబట్టి మిగతాది నేను చెబుతాను.

పీయూ గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతికి కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. బయటి నుంచి గాలి వచ్చే మాస్కు వేసుకోవాలి, మా నాన్నగారి రోజుల్లో దాని పేరు చెప్పినవాడే లేడు. ఆయనకి ఇప్పుడు ఉబ్బసం. షెడ్డు దాకా వస్తే చాలు, ఆ వాసనకే దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. నేను మంచి మాస్కు, ఫిల్టర్లు కొని వాడుతున్నాను, కుర్రాళ్ళకీ కొనిచ్చాను. అవి ఆ ముప్పైలోనే. కంప్రెసర్ కరెంటు, షెడ్డు అద్దె, రోజంతా నీళ్ళలో చేతులు పెట్టి రుద్దే ఇద్దరి కూలీ అందులోనే. మీరు రుద్దితే మీ కష్టం ఉచితం. మా కుర్రాడు రుద్దితే వాడికి సాయంత్రానికి డబ్బు ఇవ్వాలి.

మా పనిని డబ్బా మీది ధరతో కొలిస్తే కోపం రాకేం చేస్తుంది?

డల్లాస్_నుంచి:
నాన్నగారి సంగతి చదివి బాధేసింది. రోలర్‌లో తుంపర ఉండదు, ఎనామిల్‌లో ఆ హార్డ్‌నర్ కూడా ఉండదు. ఇంట్లో చేసేవాళ్ళకి అది పెద్ద లాభమే. టర్పెంటైన్ ఆవిరి మాత్రం ఉంటుంది, తలుపులు మూసిన గదిలో చేయొద్దు.

తెనాలి_800:
నాన్నగారి గురించి నాకు తెలియదు. ఆయన ఆరోగ్యం బాగుపడాలని నిజంగా కోరుకుంటున్నాను. కానీ మీరు మొదటి నుంచీ మెరుపు గురించి, రేటు గురించి చెబుతున్నారు. నా గొడవ అది కాదు.

ఈ బండికి ఇదివరకు ఒక షెడ్డులో డోర్లు చేయించాను. ఊరు, పేరు ఎందుకులెండి. అడ్వాన్సు తీసుకుని, రేపు మాపు అంటూ తిప్పి, చివరికి ఇచ్చారు. బాగా మెరిసింది. ఇప్పుడు తుప్పు మొదలైన డోర్లు అవే. అంచు గీకితే విశాఖ గారు చెప్పినట్టే తుప్పు మీద పుట్టీ, పుట్టీ మీద ప్రైమర్, దానిమీద రంగు. డోరు లోపల నీళ్ళు కిందికి పోయే రంధ్రాలు కూడా పుట్టీతో మూసేశారు. వాననీళ్ళు లోపలే నిలిచి కింది రేకును తినేశాయి. నేను ఇచ్చిన డబ్బుతోనే నా బండి పాడైంది. అందుకే మళ్ళీ ఎవరి చేతిలోనూ పెట్టను. నా చేత్తో గీకితే కింద ఏముందో నా కళ్ళతో చూస్తాను.

విశాఖ_ఉప్పుగాలి:
నేనన్నదీ ఇదే కదండీ!

ఆటోనగర్_గన్:
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. తుప్పు మీద పుట్టీ పెట్టడం ఎవరు చేసినా తప్పు, మా ఆటోనగర్‌లో చేసినా తప్పే. రంధ్రాలు మూయడం ఇంకా ఘోరం.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు ఎంతకి మాట్లాడుకున్నారు? డోరు కింద తినేసిన రేకు కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, గ్రైండ్ చేసి, లోపలివైపు కూడా ప్రైమర్ పట్టించాలంటే టింకర్‌కి, అంటే రేకు పని చేసేవాడికి, డోరుకో పూట పడుతుంది. ఆ రేటు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది ‘అంత వద్దు, పైకి బాగుంటే చాలు’ అంటారు. నా ముందే అన్నారు. బేరం మొదలయ్యాక మెరుపు తగ్గించలేం, అది అందరికీ కనబడుతుంది. తగ్గేది రేకు పనే.

తెనాలి_800:
నేను బేరం ఆడాను, నిజమే. ఎవరాడరు? కానీ రేకు కోసి అతికితే ఇంత, పుట్టీ పెడితే ఇంత, పుట్టీ అయితే రెండేళ్ళే అని ఆ షెడ్డువాళ్ళు నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేనే తేల్చుకునేవాణ్ణి. కనబడని పని తగ్గించుకున్నప్పుడు నోటితో చెప్పాల్సిన బాధ్యత చేసినవాడిదే. అడగలేదు కాబట్టి చెప్పలేదనడం నేను ఒప్పుకోను.

ఆటోనగర్_గన్:
చెబితే పక్క షెడ్డుకి పోతారు. అక్కడ చెప్పరు, తక్కువకి చేస్తారు. నేను చెప్పి పోగొట్టుకున్న బండ్లు చాలా ఉన్నాయి. ఆ నష్టం మా ఒక్కరి మీదే వేస్తానంటే నేనూ ఒప్పుకోను.

విశాఖ_ఉప్పుగాలి:
మీ ఇద్దరి మధ్య తేలదు. తెనాలి గారూ, గీకాక తెల్ల రేకు మీద ఉన్నప్పుడే ప్రతి డోరుకీ, చక్రాల పైన, మ్యాట్ల కింద ఫ్లోరుకీ ఫొటోలు తీసి ఆర్సీ కాగితాలతో పెట్టండి. ఎప్పుడైనా అమ్మితే కొనేవాడికి అవి ఇవ్వండి. అలా అయితే నాకు రోలర్ మీద అభ్యంతరం లేదు.

తెనాలి_800:
ఫొటోలు తీస్తాను, ఇస్తాను. అది న్యాయమే.

ఆటోనగర్_గన్:
నా అభ్యంతరం మాత్రం ఉంది. గీకడం, రుద్దడం మీరే చేసుకోండి, సంతోషం. డోర్ల కింద రేకు అతికించడానికి మంచి టింకర్‌ని పిలిచి, పని జరుగుతుంటే దగ్గరే ఉండండి. పైన ఎపాక్సీ ప్రైమర్ వేసి బండి తెండి. టాప్ కోటు మేం కొడతాం, మీరు ఎదురుగా నిలబడి చూడండి. అలా అయితే ముప్పైలో సగం కూడా కాదు.

తెనాలి_800:
టింకర్ సలహా తీసుకుంటాను, రేకు అతకడం నాకు రాదు. రంధ్రాలు కూడా తెరిపిస్తాను. టాప్ కోటు మాత్రం ఎనామిలే, నా రోలర్‌తోనే. 2028 దాకా తుప్పు రాకుండా ఆగితే నాకు చాలు. ముందు డిక్కీ డోరు మీద వేసి చూస్తాను.

ఆటోనగర్_గన్:
మీ ఇష్టం. వేసేదేదో వానలు పూర్తిగా వెనకబట్టాక వెయ్యండి, గాలిలో తేమ ఉంటే కోటు ఆరదు. తెల్లవారి మంచు పడేముందే బండి నీడకి చేర్చండి. పైన తాకితే ఆరినట్టుందని మర్నాడే కాంపౌండ్ పట్టించొద్దు, నెలైనా ఆగండి. డిక్కీ డోరు ఫొటో ట్యూబ్‌లైటు కింద తీసి పెట్టండి.