మందిరానికి రాసిచ్చిన వాగ్దానం తీర్చడానికి పర్సనల్ లోన్ తియ్యొచ్చా?

మారతహళ్లి_మార్త

అందరికీ వందనాలు. బెంగళూరులో మన తెలుగు క్రైస్తవ సంఘాలు చాలావాటిలో మందిర నిర్మాణం నడుస్తోంది, కాబట్టి ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదనుకుంటున్నా. చేతికి నెలకి 55 వేలు వచ్చే కుటుంబం. అద్దె 18 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకి 8 వేలు. ప్రత్యేక కూటంలో వాగ్దాన కార్డు మీద 2 లక్షలు రాశారు, గడువు డిసెంబరు ఆఖరు. డబ్బు లేదు. బ్యాంకు యాప్‌లో మాత్రం లోన్ సిద్ధంగా ఉందని రోజూ మెసేజ్ వస్తోంది. "అడుగు మీది, తీర్చడం దేవునిది" అని కొందరు, "అప్పు చేసి కానుకేంటి" అని కొందరు. వాక్యం చెప్పండి, లెక్క కూడా చెప్పండి. "ప్రార్థన చేసుకోండి" అని దాటెయ్యకండి, అది ఎలాగూ జరుగుతోంది.

విశ్వాసపు_అడుగు

సిస్టర్, ఇక్కడ ఎక్కువమంది వద్దనే చెప్తారు. అందుకని రెండో వైపు ముందే పెడుతున్నా. మొక్కుకున్నాక తీర్చడానికి ఆలస్యం చెయ్యొద్దని ప్రసంగి 5:4. మొక్కి చెల్లించకపోవడం కన్నా మొక్కకపోవడమే మేలని ఆ కింద వచనం. మాసిదోనియ సంఘాలు నిరుపేదలై ఉండీ శక్తికి మించి ఇచ్చాయని పౌలు మెచ్చుకున్నాడు (2 కొరింథీ 8:2-3). సారెపతు విధవరాలు ఆఖరి పిడికెడు పిండితో ముందు ఏలీయాకే రొట్టె చేసింది.

ఇంకో మాట, కాస్త ఘాటుగానే ఉంటుంది. సర్జాపూర్ రోడ్డులో ఫ్లాటుకి 20 ఏళ్ల లోన్ కాగితాల మీద సంతకాలు చేసేటప్పుడు ఎవరికీ రోమా 13:8 గుర్తురాదు. కారుకి అప్పు, ఫోనుకి అప్పు, పెళ్లికి అప్పు. మందిరం అనేసరికి మాత్రం ఎవరికీ ఏమీ అచ్చి (బాకీ) ఉండకూడదన్న ఆ వాక్యం నోటికొస్తుంది. మందిరం పాడై ఉంటే మీరు మంచి ఇళ్లలో ఉండడమా అన్న హగ్గయి 1:4 మనకి కాదా?

లెక్కల_తిమోతి

వాక్యం తెలిసినవాళ్లు చెప్తారు, నేను లెక్క చెప్తా. 2 లక్షలు, 14 శాతం వడ్డీ, 36 నెలలు అనుకుందాం. ఈఎంఐ సుమారు 6,836. మూడేళ్లకి కట్టేది 2,46,000 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అంటే 4,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 720. ఇది ముందే కోసుకుంటారు కాబట్టి ఖాతాలో పడేది 1,95,280. కార్డు మీద అంకెకి అప్పటికే 4,720 తక్కువ! మొత్తం మీద మందిరానికి 2 లక్షలు చేరితే బ్యాంకుకి 50 వేల పైన చేరుతుంది.

అదే 6,836 నెలనెలా నేరుగా మందిరం ఖాతాలో వేస్తే 30వ నెలకల్లా 2,05,000 దాటుతుంది. లోన్ కన్నా ఆరు నెలలు ముందే అయిపోతుంది. ఈఎంఐ కట్టగల ఇల్లు నెలనెలా ఇవ్వనూ గలదు. నెలనెలా ఇవ్వలేని ఇల్లు ఈఎంఐ కూడా కట్టలేదు. కాబట్టి లోన్ వల్ల అదనంగా దొరికేది ఒక్కటే: డబ్బు డిసెంబరులో చేరడం. ఆ డిసెంబరు గడువు వాక్యంలోది కాదు, కాంట్రాక్టరు ఒప్పందంలోది.

క్రెడిట్ కార్డు నుంచి నగదు తీస్తే నెలకి 3 శాతం పైనే, అదీ తీసిన రోజు నుంచే. బంగారం తాకట్టుకి వడ్డీ తక్కువే, కానీ గడువు దాటితే వేలం. అన్నిటికన్నా ప్రమాదం మహిళా గ్రూపు లోన్. ఒకరు కట్టకపోతే మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది, వాళ్లలో చాలామందికి మన మందిరంతో సంబంధమే ఉండదు.

ఫ్లాటు లోన్‌తో పోలిక గురించి: అక్కడ అప్పు పెరిగితే ఫ్లాటు అమ్మి తీర్చుకోవచ్చు. వాగ్దానానికి తీసిన లోన్‌కి మీ చేతిలో రసీదు తప్ప అమ్మడానికి ఏమీ ఉండదు.

లేవీకాండం_27

విశ్వాసపు అడుగు అన్నగారు ఎత్తిన వచనాలన్నీ ఉన్నవే, పక్క వచనాలు వదిలేశారు.

మొక్కు సంగతి ముందు. మొక్కుకున్నవాడు బీదవాడై నిర్ణయించిన వెల చెల్లించలేకపోతే ఏం చెయ్యాలో లేవీకాండం 27:8లోనే ఉంది. అతన్ని యాజకుని ముందు నిలబెట్టాలి, అతని స్థోమతను బట్టి యాజకుడే వెల తగ్గించాలి. ధర్మశాస్త్రంలోనే ఈ వెసులుబాటు ఉంటే, కృపలో ఉన్న మనం అంతకన్నా కఠినంగా ఉండడమేంటి? మాసిదోనియవాళ్లు శక్తికి మించి ఇచ్చింది నిజమే, ఇచ్చింది తమ దగ్గరున్నదే. అదే అధ్యాయం 12వ వచనంలో, మనసు సిద్ధంగా ఉంటే కలిగినదాన్ని బట్టే ఆ కానుక అంగీకారం, లేనిదాన్ని బట్టి కాదని పౌలు తేల్చేశాడు. సారెపతు విధవరాలు పక్కింటి పిండి అప్పు తేలేదు. పైగా తొట్టిలో పిండి తరగదన్న మాట ఆమెకి ముందే వచ్చింది.

హగ్గయి 1:4 ఎత్తితే 1:8 కూడా చదవాలి. కొండెక్కి మాను తెచ్చి మందిరం కట్టమన్నాడు దేవుడు, వడ్డీకి తెమ్మనలేదు. ఒర్నాను తన కళ్లం ఊరికే ఇస్తానంటే దావీదు, నీ సొత్తు తీసుకుని యెహోవాకి ఇవ్వను అన్నాడు (1 దినవృత్తాంతములు 21:24). లోన్ డబ్బు తీరేదాకా ఎవరి సొత్తు?

అప్పులున్న విశ్వాసి ఇంట్లో అద్భుతం జరిగిన చోటు ఒకటుంది, 2 రాజులు 4. ప్రవక్త శిష్యుని భార్య, అప్పులవాడు కొడుకుల్ని పట్టుకుపోవడానికొచ్చాడు. నూనె పొంగింది. ఎలీషా చెప్పిన క్రమం చూడండి: నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ పిల్లలూ బతకండి. అందులో తన వంతు అడగలేదు.

ఇక ఊళ్లో అమ్మానాన్నల 8 వేలు. రేపు ఈఎంఐ బరువెక్కితే ముందు కోత పడేది దానికే. మార్కు 7:11లో యేసు తప్పుపట్టింది సరిగ్గా దాన్నే, కొర్బాను (దేవునికి అర్పితం) అన్న పేరు చెప్పి తల్లిదండ్రుల వంతు ఎగ్గొట్టడాన్ని.

విశ్వాసపు_అడుగు

వచనానికి వచనం బాగానే ఉంది. కానీ అందరూ ఇలా క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చుంటే ఏ మందిరమూ లేవదు. జార్జి ముల్లర్ జేబులో డబ్బు చూసుకుని అనాథాశ్రమాలు కట్టాడా? చేతిలో లేకుండానే వేలమంది పిల్లల్ని పోషించాడు.

గోదారి_గట్టు

ముల్లర్ పేరు ఈ వైపుకి పనికిరాదండీ. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆయన 1834లో సంస్థ పెట్టినప్పుడే అప్పు చేసి పని పెంచకూడదని నియమం రాసుకున్నాడు. 1830లోనే జీతం వదిలేసి, మందిరంలో డబ్బా పెట్టించాడు, ఇష్టమైనవాళ్లు అందులో వేసేవాళ్లు. ఆయన విశ్వాసం అడగకుండా ఉండడంలోనూ, అప్పు లేకుండా ఉండడంలోనూ కనిపిస్తుంది. ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతులే మన నర్సాపురం వైపు గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. అంటే ఆ పాఠం మన నేలకి కొత్త కాదు.

దోర్నకల్ చూడండి. ఎపిఫనీ కేథడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది, పని మొదలైన దాదాపు 25 ఏళ్లకి. ఇవాళ ఎవరూ "అంత ఆలస్యమైందేం" అని అడగరు. ఆ దోర్నకల్ పని అసలు ఎవరి డబ్బుతో మొదలైంది? 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో పెట్టుకున్న మిషనరీ సంఘం డబ్బుతో. ఊళ్లలో మన ఆడవాళ్లు వంటకి ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా ఆ కోవదే. పొయ్యి ఎక్కక ముందు, ఇంట్లో ఉన్న బియ్యంలోంచి తీస్తారు.

ఇంకోటి. ఈ "విశ్వాస వాగ్దానం" పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది టొరంటోలోని పీపుల్స్ చర్చి కాపరి ఆస్వాల్డ్ స్మిత్, అదీ మిషనరీలను పంపడం కోసం. అందులో మూలసూత్రం, ఆ డబ్బు ఇమ్మని ఎవరూ మీ దగ్గరికి రారు, అది మీకూ దేవునికీ మధ్య. మనం ఆ కార్డు తెచ్చుకున్నాం, దానికి గడువు తగిలించాం, వసూలుకి కమిటీ వేశాం.

పీణ్య_షిఫ్ట్

కమిటీ సరే, మైకులో పేర్లు చదవడం సంగతేంటి? "ఫలానా కుటుంబం 5 లక్షలు" అని చదివాక వెనక వరసలో గార్మెంట్ ఫ్యాక్టరీ జీతం మీద బతికే అక్క 5 వేలు అని రాయగలదా? 50 వేలు రాస్తుంది, సోమవారం లోన్ యాప్ తెరుస్తుంది. ఇందులో విశ్వాసం యాడుంది, సిగ్గు తప్ప?

విశ్వాసపు_అడుగు

పేర్లు చదవడం నేనూ సమర్థించను. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6:3లో స్పష్టంగా ఉంది.

కోశాధికారి_కేఆర్‌పురం

ఇచ్చేవాళ్ల విశ్వాసం గురించే మాట్లాడుతున్నారు. తీసుకునేవాళ్ల పని ఎలా ఉండాలో చెప్తాను, ఎందుకంటే జబ్బు అక్కడే ఉంది.

వాగ్దానాల మొత్తం చూసి కాంట్రాక్టరుకి సంతకం పెడితే, సంఘం చెయ్యాల్సిన అప్పు విడివిడిగా ఇళ్ల మీదికి జారుతుంది. 40 లక్షల వాగ్దానాలుంటే 40 లక్షలున్నట్టు కాదు. వాగ్దానాన్ని ఆదాయంగా రాయకండి, పక్క కాలమ్‌లో పెన్సిల్‌తో రాయండి. పని దశలుగా విడగొట్టి, ఆ దశ డబ్బు మొత్తం బ్యాంకులో పడ్డాకే ఆ దశ మొదలుపెట్టండి. పునాది దగ్గర ఆగితే నష్టం లేదు. పైకి వదిలిన పిల్లరు కడ్డీలకి సిమెంటు పాలు పూసి వదిలితే తుప్పు కొంతకాలం ఆగుతుంది. స్లాబు దగ్గర మాత్రం మధ్యలో ఆగకూడదు. సెంట్రింగు బాడుగ రోజుల లెక్కన ఎక్కుతుంది, కాంక్రీటు ఒకే రోజు పడాలి, పెద్ద బీముల కింద సపోర్టులు 21 రోజులు కదపకూడదు. డబ్బు చాలక సెంట్రింగు వేసి ఆగిన సంఘమే "రేపటికల్లా తెండి" అని ఇళ్లకి ఫోన్లు చేస్తుంది. ఆ ఫోన్లకే జనం అప్పు చేస్తారు.

అప్పు తప్పదంటే ట్రస్టు పేరున తియ్యాలి, పెద్దలు సంతకం పెట్టాలి, సంఘం కూడిక తీర్మానం పుస్తకంలో ఉండాలి. అలా అన్నప్పుడు పెద్దలు వెనకాడితే, విశ్వాసులు తమ పేరున తియ్యడం ఎలా న్యాయమో నాకు అర్థం కాదు.

కార్డులో ఒక వాక్యం అచ్చువేయించండి: "నా పరిస్థితి మారితే ఈ మొత్తాన్ని తగ్గించుకోవచ్చు, గడువు మార్చుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు." అది లేని కార్డు మీద రాయకండి.

డబ్బు ఇచ్చే ముందు చూడాల్సినవి. జాగా రిజిస్ట్రేషన్ ట్రస్టు పేరునా, పాస్టర్ గారి పేరునా? కార్పొరేషన్ రికార్డులో అన్నీ సక్రమంగా ఉన్న ఏ ఖాతానా, లోపాలున్న బి ఖాతానా? గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సంఘం పేరొస్తుందా, మనిషి పేరొస్తుందా? మనిషి పేరొస్తే ఆపండి. ఆయన మంచివాడు కావచ్చు, కానీ ఆ డబ్బు కాగితాల్లో ఆయన సొంత డబ్బే. కానుకల సంచి లెక్కపెట్టేది బంధుత్వం లేని ఇద్దరు, ఆరాధన అయిన వెంటనే, అదే గదిలో. నోట్ల వివరం చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, సోమవారం బ్యాంకుకి వెళ్లాలి. కానుక మోసేటప్పుడు తన మీద నింద రాకుండా పౌలు ఎంత జాగ్రత్తపడ్డాడో 2 కొరింథీ 8:20-21లో ఉంది.

నగదుగా 2 లక్షలు ఒకేసారి ఇవ్వడం అసలు కుదరదు. ఒక మనిషి దగ్గర ఒక రోజులో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. విరాళం మీద పన్ను మినహాయింపు (80జి) వస్తుందని ఎవరైనా అంటే సర్టిఫికెట్ చూపించమనండి. ఒక మతానికే పరిమితమైన సంస్థకి మామూలుగా అది రాదు, కేంద్రం నోటిఫై చేసిన పేరున్న ప్రార్థనా స్థలాల మరమ్మతు సంగతి వేరు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఎలాగూ లేదు.

మారతహళ్లి_మార్త

చాలా మేలు జరిగింది. లోన్ ఆలోచన పక్కన పెట్టినట్టే. కానీ ఆ కార్డు కమిటీ ఫైల్లో ఉంది. ఇప్పుడు ఏం రాసివ్వాలి? తగ్గించమనా, గడువు పెంచమనా?

లేవీకాండం_27

తగ్గించమనే, చెల్లెమ్మా. 55 వేలలో అద్దె, అమ్మానాన్నలు పోగా 29 వేలు. అందులో తిండి, స్కూలు, బస్సు, మందులు. మామూలు కానుక వేరే ఉండనే ఉంటుంది. నెలకి 2 వేలు, రెండేళ్లు, మొత్తం 48 వేలు అని రాస్తే అది నిజమైన మాట.

విశ్వాసపు_అడుగు

లోన్ మాట వదిలేద్దాం, తగ్గించడం మాత్రం నేను ఒప్పుకోను. నోటితో పలికింది పలికిందే. 2 లక్షలే ఉంచి గడువు అడగండి. నెలకి 4 వేలైతే 50 నెలలు. జీతం పెరిగితే ముందే తీరుతుంది.

లేవీకాండం_27

జీతం పెరగకపోతే? అద్దె మాత్రం ప్రతి ఏడాదీ పెరుగుతుంది. యాజకుడే తగ్గించమని రాసి ఉన్నచోట మనమెందుకు పట్టుబట్టాలి?

కోశాధికారి_కేఆర్‌పురం

మీ ఇద్దరికీ ఇది ఈ రాత్రికి తేలదు. సిస్టర్, చీటీ ఇలా రాయండి: "మేము రాసిన 2 లక్షల వాగ్దానాన్ని డిసెంబరులోగా తీర్చలేము. జనవరి నుంచి ప్రతి నెల 5వ తేదీన ఇంత చొప్పున బ్యాంకు ద్వారా మందిర ఖాతాకి పంపుతాము. 12 నెలల తర్వాత మొత్తం సంగతి మళ్లీ తెలియజేస్తాము." ఇద్దరూ సంతకం పెట్టండి, కార్యదర్శి చేతికే ఇవ్వండి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఆ "ఇంత" దగ్గర ఏ అంకె వెయ్యాలో మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఇంట్లో తేల్చుకోండి. కమిటీవాళ్లు ఫోన్ చేస్తే, చీటీ ఇచ్చాం అని చెప్పండి, అంతే.